ఆప్టికల్ స్విచ్ దగ్గర లైట్ పడిపోతోందా? స్విచ్ మార్చే ముందు ఇవి చూడండి

ఆప్టికల్ స్విచ్ అనగానే చాలామందికి ఎస్‌ఎఫ్‌పీ పోర్టులున్న ఈథర్‌నెట్ స్విచ్ గుర్తొస్తుంది, షాపులో అడిగినా అదే తీసి చూపిస్తారు. అది వేరు. అందులో లైట్ కరెంటుగా మారిపోయి, అవతలి పోర్టు నుంచి కొత్త లైట్‌గా బయటికొస్తుంది, కాబట్టి లోపల లాస్ అనే మాటే రాదు. నేను రాసేది ఒక ఫైబర్‌లో వచ్చిన లైట్‌ని లైట్‌గానే ఉంచి, చిన్న అద్దమో పట్టకమో కదిలించి, రెండు దారుల్లో ఒకదానిలోకి మళ్లించే పెట్టె గురించి. లోపలికెళ్లిన లైట్‌లో కొంత దారిలో పోతుంది, దాన్ని తిరిగి పెంచేది అందులో ఏమీ ఉండదు.

మన విజయవాడ, గుంటూరు ఆపరేటర్లకి ఇది ఎక్కువగా రెండో రూట్ కోసం అవసరమవుతుంది. బందరు రోడ్డు వైపు కేబుల్ తెగితే ఏలూరు రోడ్డు వైపు నుంచి లింక్ నిలబడాలి, అదీ మనిషి వెళ్లి ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా కనెక్టర్లున్న చిన్న ఫైబర్ తీగ) మార్చకుండా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నది చూశాక రెండో రూట్ ఎందుకని ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. అయితే స్విచ్ పెట్టిన మర్నాడే వచ్చే ఫోన్ ఒకటుంటుంది: "అన్నా, స్విచ్ లైట్ మొత్తం తాగేస్తోంది, వేరేది తెప్పిద్దాం." తెప్పించొద్దు. నేను చూసినంతలో ఎక్కువసార్లు లైట్ పోయేది స్విచ్ లోపల కాదు, దాని చుట్టూ మనం పెట్టిన కనెక్టర్ల దగ్గర, వంపుల దగ్గర, అక్కర్లేని అతుకుల దగ్గర. ఒక్కో చోట ఎంత పోతోందో లెక్క రాసుకుంటే దొంగ దొరుకుతాడు.

డీబీ అంటే లైట్ ఎంత పోయిందో చెప్పే కొలత, ఆ లెక్క తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. 3 డీబీ పోతే సగం లైట్ పోయినట్టు, 10 డీబీ పోతే పదో వంతే మిగిలినట్టు, 1 డీబీ అంటే సుమారు 20 శాతం పోయినట్టు, 0.3 డీబీ అంటే 7 శాతం. డీబీలు కూడుకుంటూ పోవచ్చు, అదే వీటితో ఉన్న సుఖం. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్.

ముందు కాగితం మీద లెక్క

ఒక 10జీ (సెకనుకి 10 గిగాబిట్ల) లింక్ తీసుకుందాం, ఎల్ఆర్ మాడ్యూళ్లతో (రెండు చివర్లా లైట్ పంపి, తీసుకునే ముక్కలు). ఈ రకానికి ప్రమాణంలో ఇచ్చిన కనీస ట్రాన్స్‌మిట్ పవర్ మైనస్ 8.2 డీబీఎం, రిసీవర్ సెన్సిటివిటీ మైనస్ 14.4 డీబీఎం, అంటే మధ్యలో మనం ఖర్చు పెట్టుకోగలిగింది 6.2 డీబీ. బెంజ్ సర్కిల్ నుంచి పెనమలూరు వైపు 8 కిలోమీటర్ల ఫైబర్ ఉందనుకోండి. 1310 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర కిలోమీటరుకి 0.35 చొప్పున 2.8 డీబీ. రెండు చివర్లా ఒక్కో స్విచ్, ఒక్కోటి 0.8 చొప్పున 1.6. ఒక్కో చివర స్విచ్‌లోకి వెళ్లే చోట ఒక కనెక్టర్ జత, బయటికొచ్చే చోట ఒకటి, ఓడీఎఫ్ (బయటి కేబుల్ ఫైబర్లు వచ్చి చేరే ప్యానెల్) దగ్గర ఇంకొకటి, మొత్తం ఆరు, 0.3 చొప్పున 1.8. స్ప్లైసులు (ఫైబర్ మొనలు కరిగించి వేసే అతుకులు) నాలుగు, 0.05 చొప్పున 0.2. కూడితే 6.4.

చూశారుగా, ఏ తప్పూ చేయకుండానే, ఒక్క మరక కూడా లేకుండానే లెక్క దాటిపోయింది. మాడ్యూల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం కంటే ఎక్కువ పవర్ ఇస్తుంది కాబట్టి మొదట్లో లింక్ వస్తుంది, అందరూ సంతోషిస్తారు, ఎండాకాలంలో ఎర్రర్లు మొదలవుతాయి. అప్పుడు అనుమానం అంతా స్విచ్ మీద. ఈ లెక్కలో కిలోమీటర్లు మనం తగ్గించలేం. స్విచ్ లోపలి లాస్‌ని కొనేటప్పుడు మాత్రమే తగ్గించుకోగలం. కనెక్టర్ల కింద పోయిన 1.8 మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

అందులో మొదటి పని స్విచ్ లైన్ పోర్టు (బయటి కేబుల్ వైపు పోర్టు) నుంచి వచ్చే చిన్న ఫైబర్ తోక, అంటే పిగ్‌టెయిల్‌ని నేరుగా లైన్ ఫైబర్‌కి స్ప్లైస్ చేయడం. అలా చేస్తే ఆ చివర స్విచ్ బయటి కనెక్టరు, ఓడీఎఫ్ కనెక్టరు రెండూ పోతాయి, 0.6 డీబీ మిగులుతుంది. రెండు చివర్లా చేస్తే 1.2 మిగిలి 6.4 కాస్తా 5.2 అవుతుంది. దీనికో ఇబ్బంది ఉంది: రేపు టెస్ట్ చేయాలంటే విప్పే చోటు ఉండదు. అందుకని నేనైతే మనుషులుండే కంట్రోల్ రూమ్‌లో ఓడీఎఫ్ ఉంచేస్తాను, రోడ్డు పక్క క్యాబినెట్‌లో స్ప్లైస్ చేయిస్తాను. ఆ పెట్టెలో ఎంత తక్కువ కనెక్టర్లుంటే అంత మేలు, దుమ్ముకి దారి ఉండదు.

ఇంత చేసినా సరిపోకపోతే 1550 మీద నడిచే ఈఆర్ మాడ్యూల్‌కి వెళ్లొచ్చు, ఆ వేవ్‌లెంగ్త్‌లో ఫైబర్ లాస్ కిలోమీటరుకి సుమారు 0.2 మాత్రమే. కానీ దాని లైట్ బలంగా ఉంటుంది, రిసీవర్ మైనస్ 1 డీబీఎం దాటి తీసుకోలేదు. దగ్గర లింక్‌కి అటెన్యుయేటర్ (లైట్ తగ్గించే ముక్క) లేకుండా పెట్టేస్తే లాస్ తగ్గించబోయి రిసీవర్‌నే పోగొట్టుకుంటాం.

స్విచ్ కొనేటప్పుడు

స్పెసిఫికేషన్ కాగితంలో ఇన్సర్షన్ లాస్ (స్విచ్ దాటేటప్పుడు పోయే లైట్) పక్కన టిపికల్, మాక్స్ అని రెండు అంకెలుంటాయి. లెక్కలో మాక్స్ వేసుకోండి. కింద చిన్న అక్షరాల్లో "కనెక్టర్లు మినహా" అని ఉందేమో చూడండి, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మామూలు మెకానికల్ 1×2 (ఒక దారి లోపలికి, రెండు బయటికి) స్విచ్‌కి లాస్ అర డీబీ నుంచి ఒక డీబీ లోపు ఉంటుంది, మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. లిథియం నియోబేట్ రకం నానోసెకన్లలో మారుతుంది గానీ చాలాసార్లు మూడు డీబీ పైనే తీసుకుంటుంది. రూట్ తెగితే మార్చడానికి మిల్లీసెకన్లు చాలు, అక్కర్లేని వేగం కోసం లైట్‌ని ధారపోయడం తెలివైన పని కాదు.

పోర్టులు ఎక్కువ కావాలంటే చిన్న స్విచ్‌లు వరసగా కలపొద్దు. 1×2 లతో 1×8 కడితే లైట్ మూడు స్విచ్‌లు దాటాలి, ఒక్కోటి 0.7 అనుకున్నా 2.1, మధ్యలో కనెక్టర్లు అదనం. అదే ఒకే పెట్టెలో వచ్చే మెమ్స్ (చిప్ మీద కదిలే చిన్న అద్దం ఉండే రకం) 1×8 అయితే అద్దం ఒకటే, లైట్ ఒక్కసారే గాల్లోకి వచ్చి వెళ్తుంది.

ఇంకో సంగతి, ల్యాచింగ్ రకమా కాదా అన్నది. ల్యాచింగ్ అయితే కరెంటు పోయినా ఉన్న చోటే ఉంటుంది. కాకపోతే కరెంటు పోగానే డీఫాల్ట్ పోర్టుకి వెళ్లిపోతుంది, ఆ పోర్టులో మీ బలహీనమైన రూట్ పెట్టి ఉంటే బ్యాటరీ అయిపోయిన రాత్రి లింక్ కూడా పడుతుంది.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే స్విచ్‌ని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సింగిల్ మోడ్ ఫైబర్‌లో లైట్ వెడల్పు 1550 దగ్గర సుమారు 10.4 మైక్రాన్లు. రెండు ఫైబర్ మొనలు ఒకదానికొకటి 1 మైక్రాన్ పక్కకి జరిగితే 0.16 డీబీ పోతుంది, 2 మైక్రాన్లు జరిగితే 0.64. తేడా రెట్టింపైతే లాస్ నాలుగింతలు! అందుకే స్విచ్‌ల లోపల చిన్న లెన్సులు పెట్టి లైట్‌ని వెడల్పు చేస్తారు, అప్పుడు పక్కకి జరిగినా పెద్దగా పోదు. కానీ దానికి బదులు కోణం మీద పట్టింపు పెరుగుతుంది. కిరణం వ్యాసం 0.4 మిల్లీమీటర్లున్నప్పుడు డిగ్రీలో ఇరవయ్యో వంతు వంగినా అర డీబీ పోతుంది. స్విచ్‌ని కింద పడేయడం, దాని మీద బరువైన యూపీఎస్ పెట్టడం, ఫ్యాన్ అదిరే రాడ్‌కే బిగించడం ఎందుకు కూడదో ఇదే కారణం.

ఎండ సంగతి కూడా ఇక్కడే. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 డిగ్రీల దాకా వెళ్తుంది, ఎండ పడే ఇనుప క్యాబినెట్ లోపల అంతకంటే చాలా ఎక్కువ. లోపలి జిగురు, లోహం వేడికి సాగితే కోణం మారుతుంది. స్విచ్‌కి రాసిన ఉష్ణోగ్రత పరిధిని బయటి గాలితో కాదు, క్యాబినెట్ లోపల థర్మామీటర్ పెట్టి చూసిన దానితో పోల్చండి. పడమటి ఎండ నేరుగా తగలని చోట పెట్టడం, పైన ఒక షీట్ వేయడం పెద్ద ఖర్చు కాదు.

శుభ్రం చేయడం, అసలు పని ఇదే

సింగిల్ మోడ్ ఫైబర్‌లో లైట్ నడిచే కోర్ 9 మైక్రాన్లకి లోపే. దాని మీద కూర్చునే దుమ్ము రేణువు మన కంటికి కనపడదు. కనెక్టర్ మెరుస్తోంది కదా అని బాగుందనుకోవద్దు, ఫైబర్ స్కోప్‌తో చూడాలి. చూడండి, శుభ్రం చేయండి, మళ్లీ చూడండి, అప్పుడే పెట్టండి. ఇందులో ఏదీ వదలకూడదు, ముఖ్యంగా రెండోసారి చూడటం, ఎందుకంటే శుభ్రం చేసేటప్పుడే కొత్త పోగు అంటుకోవచ్చు. స్కోప్ పెట్టే ముందు లైట్ ఆపారని రెండుసార్లు నిర్ధారించుకోండి. 1310, 1550 లైట్ కంటికి కనపడదు, కన్ను మాత్రం పోతుంది. దీంట్లో మొహమాటం వద్దు, పక్కన సీనియర్ ఉన్నా "లైట్ ఆపారా అన్నా" అని అడగండి.

నోటితో ఊదొద్దు. చొక్కా అంచుతో తుడవొద్దు. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు వాడొద్దు, పోగులు మిగులుతాయి. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లు ఉంటాయి, ఆరాక మరక మిగులుతుంది. క్లీనింగ్ పెన్‌తో ముందు పొడిగా తుడవండి, ఎస్‌సీ కనెక్టర్లకి 2.5 మిల్లీమీటర్ల పెన్, ఎల్‌సీకి 1.25. పోకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, వెంటనే పొడి వైప్‌తో తుడవండి. ప్యాచ్ కార్డ్ ఒక్కటే కాదు, స్విచ్ అడాప్టర్ లోపలి ఫెరూల్ (ఫైబర్ మొనని పట్టుకునే సన్న గొట్టం) కూడా. మురికి మొన పెడితే శుభ్రంగా ఉన్న రెండోదీ పాడవుతుంది, గట్టి ఇసుక రేణువైతే గాజు మీద గుంట పడుతుంది, ఇక ఎంత తుడిచినా లాభం లేదు.

ప్యాచ్ కార్డ్ గీసుకుపోతే కొత్తది కొనుక్కోవచ్చు. స్విచ్ పోర్టు గీసుకుపోతే పెట్టె మొత్తం రిపేరుకి పంపాలి. అందుకని ప్రతి పోర్టుకీ ఒక చిన్న మంచి ప్యాచ్ కార్డ్‌ని శుభ్రం చేసి ఒక్కసారి పెట్టేసి అలాగే వదిలేయండి, విప్పడం పెట్టడం అన్నీ దాని అవతలి చివర చేసుకోండి. దీనివల్ల ఒక కనెక్టర్ లాస్ పెరుగుతుంది నిజమే, కాబట్టి బడ్జెట్ బిగుతుగా ఉన్న లింక్‌లో వద్దు, రోజూ చేతులు పడే టెస్ట్ బెంచ్ స్విచ్‌కి మాత్రం తప్పకుండా చేయండి.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, ఆటోనగర్ లాంటి చోట్ల పనిచేసేవాళ్లు డస్ట్ క్యాప్ తీసిన క్షణం నుంచే జాగ్రత్తగా ఉండాలి. క్యాప్ తీయడం, తుడవడం, పెట్టడం ఒకే ఊపులో అయిపోవాలి. క్యాప్ లోపలా దుమ్ము ఉంటుంది, అందువల్ల క్యాప్ ఉన్న కొత్త ప్యాచ్ కార్డ్ కూడా శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఏసీ గదిలోంచి బయటి ఉక్కపోతలోకి తెచ్చిన కార్డ్‌ని వెంటనే విప్పితే మొన మీద సన్నగా చెమ్మ పట్టొచ్చు, కాసేపు ఆగండి.

కేబుల్ టీవీ హెడ్‌ఎండ్‌లో 1550 యాంప్లిఫయర్ వెనక స్విచ్ ఉంటే ఇదంతా రెట్టింపు జాగ్రత్తతో చేయాలి. 20 డీబీఎం పైన లైట్ వెళ్తున్నప్పుడు మొన మీది మురికి కాలి గాజుకే అంటుకుపోతుంది. స్విచ్ ఎంత పవర్ తట్టుకుంటుందో కాగితంలో చూసుకోండి, వీలైనంతవరకు పవర్ తగ్గించాకే పోర్టు మార్చండి.

ఆకుపచ్చ, నీలం కనెక్టర్ల విషయం క్లుప్తంగా. ఆకుపచ్చది ఏపీసీ, మొన 8 డిగ్రీల వాలుతో ఉంటుంది. నీలంది యూపీసీ. ఒకదాంట్లో ఒకటి దూరుతుంది కాబట్టి పెట్టేస్తుంటారు. మధ్యలో గాలి సందు మిగిలి లాస్ డీబీల్లో పోతుంది, మొనలూ పాడవుతాయి. అలాగే పసుపు సింగిల్ మోడ్ కార్డ్‌ని మల్టీమోడ్ స్విచ్‌కి పెట్టొద్దు, పెద్ద కోర్ నుంచి చిన్న కోర్‌లోకి వెళ్లే వైపు పది డీబీ పైనే పోతుంది.

వంపులు పట్టుకునే చిట్కా

ర్యాక్ వెనక ట్యాగ్‌లు బిగించి కట్టడం మన దగ్గర పెద్ద జబ్బు. మామూలు జీ.652 ఫైబర్‌ని 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా చుట్టొద్దు, జీ.657.ఏ1 అయితే 10, ఏ2 అయితే 7.5 వరకు తట్టుకుంటుంది. ట్యాగ్ బదులు వెల్క్రో పట్టీ వాడండి. వంపు ఉందో లేదో తెలుసుకోవడానికి కేబుల్ అంతా విప్పక్కర్లేదు: 1310 దగ్గర, 1550 దగ్గర రెండుసార్లు లాస్ కొలవండి. సాధారణంగా 1550 దగ్గర తక్కువ రావాలి. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో ఫైబర్ నలిగింది, ఎందుకంటే వంపు దగ్గర పొడవు వేవ్‌లెంగ్త్ ముందు జారిపోతుంది. రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా పెరిగితే మురికో, సరిగా కూర్చోని కనెక్టరో. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గిపోతుంది.

స్విచ్‌ని ఒంటరిగా కొలవడం

ఇప్పటికీ స్విచ్ మీదే అనుమానం ఉంటే దాన్ని విడిగా కొలవండి. లైట్ సోర్స్ ఆన్ చేసి పావుగంట వేడెక్కనివ్వండి. పవర్ మీటర్‌లో వేవ్‌లెంగ్త్ సోర్స్‌తో సరిపోయేలా పెట్టండి, ఇది మర్చిపోయి వచ్చిన అంకెని నమ్మేవాళ్లు చాలామంది. ఒక మంచి ప్యాచ్ కార్డ్‌ని సోర్స్ నుంచి మీటర్‌కి పెట్టి రిఫరెన్స్ సున్నా చేయండి. ఆ తర్వాత సోర్స్ వైపు చివర ముట్టుకోవద్దు, విప్పితే రిఫరెన్స్ పోయినట్టే. మీటర్ వైపు విప్పి స్విచ్ ఇన్‌పుట్‌కి పెట్టండి, స్విచ్ అవుట్‌పుట్ పిగ్‌టెయిల్‌ని మీటర్‌కి పెట్టండి. ఇప్పుడొచ్చే అంకె స్విచ్ లాస్, ఒక కనెక్టర్ జత లాస్ కలిపినది. అవుట్‌పుట్ వైపు పిగ్‌టెయిల్ లేక అడాప్టర్ ఉంటే ఇంకో ప్యాచ్ కార్డ్ కావాలి, అప్పుడు కనెక్టర్ జతలు రెండవుతాయి, లెక్కలో అంత తీసేయండి.

అన్ని పోర్టులూ కొలవండి, మీరు వాడే వేవ్‌లెంగ్త్‌లన్నిట్లో. జీపాన్ (ఒకే ఫైబర్ నుంచి చాలా ఇళ్లకి ఇచ్చే పద్ధతి) మీద అయితే ఇళ్ల వైపు 1490, ఇళ్ల నుంచి 1310, కాబట్టి ఒక్కటి కొలిస్తే చాలదు. తర్వాత పోర్టు అటూ ఇటూ చాలాసార్లు మార్చి ప్రతిసారీ అంకె చూడండి. మంచి స్విచ్‌లో పది సార్లలో తేడా 0.1 లోపే ఉండాలి. ఒకసారి 0.7, ఒకసారి 1.5 వస్తుంటే అప్పుడు నిజంగానే స్విచ్ లోపల యంత్రం అరిగింది, మార్చండి. ఇన్‌పుట్ కార్డ్‌ని మెల్లగా కదుపుతూ కూడా చూడండి. వంపు పడకుండానే అంకె ఊగుతుంటే స్విచ్ లైట్ తరంగం ఊగే దిశని, అంటే పోలరైజేషన్‌ని బట్టి లాస్ మారుస్తోందన్నమాట, మీ బడ్జెట్‌లో ఆ ఊగే మేరకు కూడా చోటు ఉంచుకోవాలి.

ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లో ఏ దూరంలో ఎంత లైట్ పోతోందో చూపించే పరికరం) చూసేవాళ్లు స్విచ్‌కి ముందు లాంచ్ ఫైబర్ (అదనపు ఫైబర్ చుట్ట) తప్పక పెట్టండి, లేకపోతే స్విచ్ డెడ్ జోన్‌లో (పరికరం ఏమీ చూపించలేని దగ్గరి మేరలో) పడి అసలు కనపడదు. వేరే రకం ఫైబర్‌కి స్ప్లైస్ చేసిన చోట ఒక వైపు నుంచి లాస్ బదులు లాభం చూపించొచ్చు, అది నిజం లాభం కాదు, రెండు వైపుల నుంచి కొలిచి సగటు తీయండి. అవతలి చివర మాడ్యూల్ వెలుగుతుండగా ఓటీడీఆర్ పెట్టొద్దు.

వడ్డేశ్వరం, నంబూరు వైపు కాలేజీ ల్యాబుల్లో సిలికాన్ చిప్ స్విచ్‌లు చేస్తున్న పిల్లలకి ఒక్క మాట. మీకు స్విచ్ లాస్ కంటే చిప్‌లోకి లైట్ ఎక్కించడంలోనే ఎక్కువ పోతుంది, 10 మైక్రాన్ల కిరణాన్ని అర మైక్రాన్ వేవ్‌గైడ్‌లోకి (చిప్ మీద లైట్ నడిచే సన్న దారిలోకి) దింపాలి మరి. ముందు స్విచ్ లేని సూటి వేవ్‌గైడ్ ఒకటి అదే చిప్‌లో కొలిచి, దాన్ని తీసేసి స్విచ్ లాస్ చెప్పండి. ఇన్‌పుట్‌లో పోలరైజేషన్ సరిచేయకుండా కొలిచిన అంకె ఎవరికీ పనికిరాదు. 8×8 బెనెస్ అమరికలో (చిన్న స్విచ్‌లు వరసలుగా కలిపేది) లైట్ 5 మెట్లు దాటుతుంది, మెట్టుకి పావు డీబీ మిగిల్చినా మొత్తం మీద 1.25 డీబీ మిగులుతుంది.

అన్నీ కొలిచాక పోర్టులు కేటాయించండి. స్విచ్‌లో ఏ రెండు పోర్టుల లాసూ సరిగ్గా ఒకటి కాదు. తక్కువ లాస్ ఉన్న పోర్టు పొడవైన రూట్‌కి, ఎక్కువ ఉన్నది దగ్గర రూట్‌కి ఇవ్వండి, పైసా ఖర్చు లేకుండా డీబీలో రెండు మూడు పదో వంతులు కలిసొస్తాయి. ప్రతి పోర్టు దగ్గర లేబుల్ మీద తేదీ, వేవ్‌లెంగ్త్, లాస్ రాసి అంటించండి. నెలకోసారి ట్రాఫిక్ తక్కువగా ఉండే తెల్లవారుజామున స్టాండ్‌బై రూట్‌కి మార్చి, రెండు చివర్లా మాడ్యూల్ చూపించే రిసీవ్ పవర్ రాసుకుని, మెయిన్‌కి తిప్పండి. మాడ్యూల్ రీడింగ్ అంత కచ్చితంగా ఉండదు కాబట్టి పదో వంతుల తేడాకి కంగారు వద్దు, పోయిన నెల కంటే 1 డీబీ పడితే మాత్రం పవర్ మీటర్ తీసుకెళ్లి లేబుల్‌తో పోల్చండి, మొదట స్టాండ్‌బై వైపు కనెక్టర్ విప్పి స్కోప్‌లో చూడండి.